టీసీతో పాటు ఇంకో కాగితం

నాన్నగారికి బదిలీ అయితే మనతో పాటు టీసీ వస్తుంది, మార్కుల షీటు వస్తుంది, ఆటల సర్టిఫికెట్ల ఫైలు వస్తుంది. పోయినేడాది విశాఖలో చీలమండ బెణికి ఆరు వారాలు కట్టుతో ఉన్న సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఎక్స్‌రే కవరు అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది. సెక్టర్ 6లో సామాను దింపిన వారానికే హౌస్ జట్టు ఎంపిక. పీఈటీ సారుకు మన పేరే ఇంకా నోటికి రాలేదు, పాత దెబ్బ సంగతి ఎలా తెలుస్తుంది?

కొత్తగా వచ్చినవాళ్లు చెప్పరు కూడా. చెబితే పక్కన కూర్చోబెడతారని భయం. ఆ భయంలో న్యాయముందని మా అభిప్రాయం. కొత్త ఊళ్లో మొదటి స్నేహితులు దొరికేది మైదానంలోనే. హిందీ తడబడినా బంతి అందించడానికి అడ్డు కాదు. అందుకే "నొప్పి ఉంటే చెప్పండి" అని అసెంబ్లీలో ప్రకటిస్తే సరిపోదు. దెబ్బ తగిలినవారి చోటు జట్టులో అలాగే ఉంటుందని కూడా చెప్పాలి.

పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచారు. ఇంతవరకే అందరం చెప్పుకుంటాం. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలడం, అదే నెలలో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకోవడం, 2023 జనవరిలో గానీ మళ్లీ పోటీలో దిగకపోవడం ఎవరూ చెప్పరు. స్ట్రెస్ ఫ్రాక్చర్ ఒక్క దెబ్బకు వచ్చేది కాదు. ఒకే చోట పదేపదే భారం పడి, కోలుకునే వ్యవధి లేక ఎముకలో సన్నని చీలిక వస్తుంది. ఎదిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు కాబట్టి మనకు మరింత జాగ్రత్త కావాలి. సింధుకు ఆమె కాలి సంగతి తెలిసిన కోచ్, ఫిజియో ఉంటారు. మనకు రెండు మూడేళ్లకోసారి అంతా కొత్తవాళ్లే.

నార్వేలో ఫుట్‌బాల్ ఆడే 13–17 ఏళ్ల అమ్మాయిలు 1892 మందితో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. కొన్ని క్లబ్బులకు 20 నిమిషాల వార్మప్ నేర్పారు: నెమ్మదిగా పరుగు, ఒంటికాలిపై నిలవడం, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోవడం. మిగతా క్లబ్బులతో పోలిస్తే ఆ జట్లలో గాయాలు సుమారు మూడో వంతు, తీవ్రమైనవి దాదాపు సగం తక్కువ. పైసా ఖర్చు లేదు. నలభై నిమిషాల గేమ్స్ పీరియడ్‌లో ఇరవై దీనికే పోతే ఆట ఎప్పుడంటారు. నిజమే, పీరియడ్‌లో కుదరదు. క్లస్టర్ మీట్‌కు ముందు సాయంత్రం ప్రాక్టీసులోనైనా మొదలుపెట్టవచ్చు కదా!

రెండో కోరిక ఇంకా చిన్నది. టీసీకి ఒక పేజీ జతచేయండి. ఏ కాలు, ఏ నెల, ఎన్నాళ్లు ఆటకు దూరం, డాక్టరు ఎప్పటినుంచి ఆడమన్నారు, అంతే. బదిలీ ఉత్తర్వులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఈలోగా తొమ్మిదో తరగతి వాళ్లం నమూనా పేజీ ఒకటి రాసి పీఈటీ సారుకు ఇస్తున్నాం.