సైకిల్ తొక్కడానికి కారులో వెళ్ళాలా?

ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరు 1న మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడెమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పైన కరెంటు, కింద నీడ. బాగుంది, కాదనను. కానీ ఆదివారం పొద్దున అక్కడ చూడండి. సైకిల్ని కారుకి తగిలించుకొచ్చి, గంటసేపు తొక్కి, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. దాని మీద కూరగాయలకి పోయినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

మన భాషలో చెప్పాలంటే, హైదరాబాదులో నోడ్లకి కొదవ లేదు. కేబీఆర్ పార్కు, బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు, నెక్లెస్ రోడ్డు... లేనివల్లా ఎడ్జ్‌లే. ఒక పార్కు నుంచి ఇంకోదానికి నీడలో నడిచి పోయే దారేదీ? పార్కు లోపల మాత్రం గానుగెద్దులా ఎన్ని రౌండ్లైనా కొట్టొచ్చు :)

దానికి భూమెక్కడిది అంటారా? మా ఆలూరు వైపు వంక అంటాం, ఇక్కడ నాలా అంటారు. పై చెరువు నిండితే నీళ్ళు కింది చెరువుకి పోయేది వాటిల్లోంచే. అంటే ఎడ్జ్‌లు ఎప్పుడో గీసి ఉన్నాయన్నమాట. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్లకన్నా వెడల్పున్న నాలా పక్కన 9 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 2 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. 9 మీటర్లలో ఒక నడకదారి, ఒక సైకిల్ దారి, రెండు వరసల చెట్లు హాయిగా పడతాయి. కాగితం మీద అదంతా ఖాళీయే. నేల మీద ఏముందో 2020 అక్టోబరు వరదలు చూపించాయి.

మనవాళ్ళు బోలెడంతమంది ఉండే నార్త్ కరోలినాలో, రాలీ నగరం ఈ పని ఎప్పుడో మొదలెట్టింది. 1972లో విలియం ఫ్లోర్నోయ్ అనే విద్యార్థి ఒక నివేదిక రాశాడు. సారాంశం ఏంటంటే, వాగుల పక్కన వరదొచ్చే నేలని ఇళ్ళకివ్వకుండా నడకదారులకి వదిలేయమని. ఇప్పుడక్కడి దారులు వంద మైళ్ళు దాటాయి. గట్టి వానకి కొన్ని మునుగుతాయి కూడా. మూసేసి, బురద తీసి, మళ్ళీ తెరుస్తారు. మునిగింది దారి, ఇల్లు కాదు.

ఇక్కడో ఇబ్బంది ఉంది, దాన్ని దాటేసి మాట్లాడటం నాకిష్టం లేదు. మన నాలాల పక్కన ఉన్నవాళ్ళలో చాలామంది కూలీనాలీ జనం. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ళకి ఎర్ర రంగుతో గుర్తులేసినప్పుడు ఎంత గొడవైందో చూశాం. నా జాగింగ్ కోసం ఒకరి గోడ పడగొడతానంటే ఎవరైనా తిడతారు, తిట్టాలి కూడా. కాబట్టి ఖాళీగా ఉన్న ముక్కలతోనే మొదలెట్టాలి. పెద్దవాళ్ళ కాంపౌండు గోడలు నాలాలోకి జరిగినచోట వాటిని వెనక్కి జరపాలి. పేదవాళ్ళని కదపక తప్పకపోతే, పిల్లల బడి మారనంత దగ్గర్లో ముందు ఇల్లు చూపించాకే.

ఇక చెట్లు. హరితహారం రోజుల్లో డివైడర్ల మీద ఎక్కడ చూసినా కోనోకార్పసే. తొందరగా ఎదుగుతుందని నాటారు, తర్వాత అదే వద్దన్నారు. ట్యాంకరొస్తే తప్ప బతకని లాన్లు ఇంకో తద్దినం. ఎండలో పెరిగినవాణ్ణి, నాకు గడ్డితో పనిలేదు. వేప, కానుగ, చింత చాలు. అన్నిచోట్లా ఒకటే డిజైన్ కాపీ పేస్ట్ చెయ్యొద్దు. చెరువు ఒడ్డున తుంగ, పిట్టల చప్పుడు ఉండనీండి, అక్కడ సిమెంటు పలకలెందుకు? గుట్టల దగ్గర రాళ్ళ మధ్య మట్టిబాట చాలు. బస్తీలోంచి పోయేచోట మాత్రం లైట్లు, అరుగులు, బడిపిల్లల సైకిళ్ళకి చోటు కావాలి.

ఎక్కడ మొదలెట్టాలంటే నా ఓటు బుల్కాపూర్ నాలాకి. నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, టోలిచౌకి మీదుగా పోతుంది. మనలో సగంమంది దాని చుట్టుపక్కలే అద్దెకుంటున్నాం. నార్సింగిలో ఆ సోలార్ ట్రాక్‌కి దీన్ని కలిపితే, దానిక్కూడా ఒక పని దొరుకుతుంది. ఈసారి మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో క్లబ్‌హౌస్ ఏసీ గురించి గంట మాట్లాడాక, మన వెనక గోడకీ నాలాకీ మధ్య ఎన్ని మీటర్లు వదిలారో ఓ టేపు పెట్టి కొలుద్దామా అని అడగండి.