ఇరవై కేజీల గీత దాటితే పదేళ్లు.. మరి సరుకు సావుకారేడి?

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం హైవేకి పోయే రోడ్డు మనోళ్లందరికీ తెలిసిందే. ఆ రోడ్డు మీద పోలీసోళ్లు బండి ఆపి డిక్కీ తియ్యమనడం ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. పైన చింతపల్లి, జీకే వీధి, ఆ అవతల ఒడిశా మల్కన్‌గిరి, కొరాపుట్ కొండల్లోంచి దిగిన గంజాయి హైవే ఎక్కాలంటే నర్సీపట్నం చుట్టుపక్కల రోడ్లే దారి. ఇన్ని కేజీలు దొరికింది, ఇంతమందిని అరెస్టు చేసేరు అని మర్నాడు పేపర్లో ఫొటో వస్తాది. మొహానికి ముసుగులేసి నిలబెట్టిన కుర్రోళ్లు, ముందు బల్ల మీద బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు. మనం చదివి, "బాగా అయ్యింది ఎదవలికి" అనుకుని పేజీ తిప్పేస్తాం.

ఆ తర్వాత ఆళ్లకి ఏటవుతాదో ఎవరూ రాయరు. అదే ఇక్కడ రాస్తన్నాను.

ముందే ఒక మాట. గంజాయి మంచిదని నేను అనట్లేదు. మన ఏజెన్సీ పేరు దేశమంతా చెడగొట్టింది ఇదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కేజీల గంజాయిని ఒకేసారి గుట్టలు పోసి కాల్చేరు. అంత సరుకు ఇద్దరు ముగ్గురు కుర్రోళ్లు బైకు మీద తెచ్చింది కాదు కదా? దాని వెనకాల పెట్టుబడి ఉంది, లారీలున్నాయి, చెన్నైలోనో ముంబైలోనో కొనేవోడున్నాడు. ఆ పెట్టుబడిదారుడి మీద ఎంత కోపంగా ఉండాలో అంతా ఉండండి. నా గొడవ శిక్ష ఎవడి మీద పడతందన్న దాని గురించి.

ఒక లెక్క చూద్దాం. ఇద్దరు కుర్రోళ్లనుకోండి. ఒకే ఊరు, ఒకే సావుకారు, ఒకే కూలి డబ్బులు. ఇద్దరికీ చెరో సంచి ఇచ్చి హైవే దాకా దించమన్నాడు. ఒకడి సంచి తూస్తే పంతొమ్మిదిన్నర కేజీలు. రెండోవోడిది ఇరవైన్నర. మొదటోడికి పదేళ్ల లోపు ఎంతైనా శిక్ష వెయ్యొచ్చు. వయసు, కుటుంబం, మొదటి తప్పా కాదా చూసి జడ్జీగారు రెండేళ్లూ వెయ్యొచ్చు, మూడేళ్లూ వెయ్యొచ్చు. రెండోవోడికి మాత్రం పదేళ్లకి ఒక్కరోజు తగ్గించడానికి లేదు. ఇరవయ్యేళ్ల దాకా పెంచొచ్చు. పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా, అది కట్టకపోతే ఇంకొన్నాళ్లు జైలు. ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి 1 కేజీ లోపు "చిన్న మొత్తం", 20 కేజీలు దాటితే "వాణిజ్య మొత్తం". 2001 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో గీసిన గీత అది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1985లో ఈ చట్టం వచ్చినప్పుడు గంజాయికి శిక్ష గరిష్ఠంగా అయిదేళ్లు, యాభై వేల జరిమానా. ఎన్ని కేజీలు దొరికినా అంతే. 2001లో సవరణ తెచ్చినప్పుడు చెప్పిందేటంటే, చిన్నోళ్లనీ పెద్దోళ్లనీ ఒకే గాటన కట్టడం అన్యాయం, తప్పుని బట్టి శిక్ష ఉండాల అని. మాట బాగుంది. కానీ తప్పుని కొలవడానికి పెట్టిన కొలబద్ద ఏటి? కేజీలు. దాంతో గంజాయి వరకు గరిష్ఠం అయిదేళ్లున్నది కాస్తా కనిష్ఠం పదేళ్లయి కూర్చుంది.

ఇంకో వింత చూడండి. అదే చట్టంలో గంజాయి మొక్కలు పండించినోడికి శిక్ష "పదేళ్ల దాకా". అంటే తగ్గించే వీలుంది. ఆ పంటని సంచిలో పెట్టి మోసినోడికి పదేళ్ల నుంచి మొదలు. ఇక డబ్బు పెట్టి వ్యాపారం నడిపించినోడికి సెక్షన్ 27ఎ కింద పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు. అంటే సావుకారూ, మోసే కూలోడూ ఒకటే తూకం. తేడా ఏటంటే కూలోడు రోడ్డు మీద దొరుకుతాడు. సావుకారు ఫోన్లో మాత్రమే ఉంటాడు, అదీ ఎవడి పేరు మీదో తీసిన సిమ్ముతో.

మరి జడ్జీకి విచక్షణ లేదా అంటే, ఉంది, పైకి మాత్రమే. సెక్షన్ 32బి అని ఒకటుంది. కనీస శిక్ష కన్నా ఎక్కువ వెయ్యాలంటే ఏం చూడాలో అందులో రాసేరు: ఆయుధం వాడేడా, మైనర్లని వాడుకున్నాడా, ముఠాలో ఉన్నాడా అని. తగ్గించడానికి ఏం చూడాలో ఒక్క ముక్క లేదు. తక్కెడ చెప్పింది జడ్జీగారు చదివి వినిపించడమే మిగిలింది.

పోనీ ఆ తక్కెడైనా నిక్కచ్చిగా ఉంటాదా? చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న చివర్లు. విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. ఆకు, కాడ, గింజ కలిపి కుక్కిన సంచి 22 కేజీలుంటే అందులో పూత ఎంత? ఆరబెట్టింది ఎంత, పచ్చి ఎంత? సంచి బరువు తీసేసేరా? ఇరవై దగ్గర గీత గీసినప్పుడు ఈ ప్రశ్నల మీద ఒక మనిషి పదేళ్లు ఆధారపడి ఉంటాయి. తెలివైన లాయరు ఉన్నోడు ఇవన్నీ అడుగుతాడు. లేనోడి కేసులో ఎవరూ అడగరు.

ఇక బెయిలు. మామూలు కేసులో బెయిలు ఇవ్వకపోడానికి కారణం చూపించాల. ఇరవై కేజీలు దాటిన కేసులో తిరగబడతాది. సెక్షన్ 37 ప్రకారం ఇతను తప్పు చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ తప్పు చెయ్యడని కోర్టు తేల్చుకుంటే గానీ వదలకూడదు. సాక్షిని ఒక్కణ్ణి కూడా విచారించకముందే ఆ మాట తేల్చడం ఎవరి వల్ల అవుతాది? ఛార్జిషీటుకి కూడా మామూలు కేసుల్లో గరిష్ఠంగా 90 రోజులైతే ఇక్కడ 180, పీపీ అడిగితే ఏడాది దాకా. విశాఖ అడవివరం సెంట్రల్ జైలు గంజాయి కేసులోళ్లతో కిక్కిరిసిపోయిందంటే ఈ సెక్షన్ల వల్లే. 2023 మార్చిలో సుప్రీంకోర్టు మహమ్మద్ ముస్లిం కేసులో ఒక గంజాయి నిందితుడికి బెయిలిచ్చింది. అప్పటికి అతను ఏడేళ్ల పైన జైల్లో ఉన్నాడు, విచారణ సగం కూడా అవ్వలేదు. విచారణ ఇలా సాగతీస్తే సెక్షన్ 37 అడ్డం కాదంది కోర్టు. మంచి తీర్పే. కానీ ఢిల్లీ దాకా వెళ్లగలిగినోడికి కదా అది!

ఈ ఆలస్యం పోగొట్టడానికే కదా ప్రత్యేక కోర్టులు పెట్టింది అంటారు. 1989 నుంచి చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. విశాఖలో ఎన్‌డీపీఎస్ ప్రత్యేక కోర్టు నడుస్తంది. ఇప్పుడు ఈగల్ అని కొత్త పోలీసు విభాగం వచ్చింది, ఇంకా కోర్టులు పెట్టాల అన్న మాట వినిపిస్తంది. కోర్టులు పెరగాల్సిందే, కాదనను. కానీ జడ్జీ చేతులు కట్టేసి కోర్టులు పెంచితే జరిగేదేటంటే అదే పదేళ్లు ఇంకాస్త తొందరగా పడతాయి. అంతే.

"ప్రత్యేక కోర్టు" అన్న పేరు చూసి మురిసిపోడానికీ లేదు. ఇదే విశాఖలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసుల ప్రత్యేక కోర్టు కూడా ఉంది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేసేరని 11 మంది ఆదివాసీ ఆడోళ్లు చెప్పిన కేసు ఆ కోర్టులోనే తేలింది. ఎప్పుడు? 2023 ఏప్రిల్ 6న. పదహారేళ్లకి. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని చెప్పి పోలీసులందర్నీ వదిలేసింది, బాధితులకి పరిహారం ఇమ్మంది. కొండమీద మనిషి ఫిర్యాదు చేసినప్పుడు దర్యాప్తు లోపం పోలీసుల్ని కాపాడింది. అదే మనిషి ముద్దాయి అయినప్పుడు సంచి మీద కూర్చున్నాడంటే చాలు, సెక్షన్ 35, 54 ప్రకారం తెలిసే చేసేడని ముందే అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

ఇక అప్పీలు సంగతి. శిక్ష పడ్డాక పైన హైకోర్టు. మాకవరపాలెం నుంచి అమరావతి మూడొందల కిలోమీటర్లు. కొడుకు కేసుకి ఒక్కసారి లాయర్ని కలిసి రావాలంటే తల్లికి రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు, రాత్రి బస్టాండులో పడక. కింద కోర్టుకి ఉన్న "ప్రత్యేకం" పైన అప్పీలుకి లేదు. మిగతా అప్పీళ్ల వరసలోనే ఇదీ ఉంటాది. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపడానికీ లేదని సెక్షన్ 32ఎలో రాసేరు. 2000 సంవత్సరంలో దాదూ కేసులో సుప్రీంకోర్టు ఆ ముక్కని కొట్టేసింది, శిక్ష ఆపే అధికారం కోర్టు నుంచి లాక్కోకూడదని. అయినా సెక్షన్ 37 గడప దాటాల్సిందే కాబట్టి చాలామంది లోపలే ఉంటారు.

శిక్ష తగ్గింపు మీదున్న నిషేధం మాత్రం అలాగే ఉంది. జైల్లో బుద్ధిగా ఉన్నోడికి, పని చేసినోడికి నెలకిన్ని రోజులని మాఫీ ఉంటాది కదా, అది గంజాయి ఖైదీకి లేదు. ఖూనీ చేసి యావజ్జీవం పడ్డోడు మంచి నడవడి మీద ఏ ఆగస్టు పదిహేనుకో బయటికి రావొచ్చు. సంచి మోసినోడు పదేళ్లంటే పదేళ్లు. ఇది చెప్తే జనం నమ్మరు. చట్టం తీసి చూడండి, ఉంది.

ఇంత గట్టి చట్టానికి ఇంకో పక్క కూడా ఉంది. శిక్ష పెద్దది కాబట్టి పద్ధతి కూడా గట్టిగా పాటించాలంటాయి పై కోర్టులు. ఒంటి మీద సోదా చేసేముందు మేజిస్ట్రేటు దగ్గరగానీ గెజిటెడ్ అధికారి దగ్గరగానీ సోదా కోరుకునే హక్కుందని చెప్పాల. శాంపిళ్లు మేజిస్ట్రేటు ముందు తియ్యాలని 2016లో మోహన్‌లాల్ కేసులో తేలింది. అధికారి ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యం కాదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో చెప్పేరు. వీటిల్లో ఏది తప్పినా అప్పీల్లో కేసు పోవచ్చు. అంటే పదేళ్లో, సున్నాయో. మధ్యలో మూడేళ్లు, నాలుగేళ్లు అన్న న్యాయమైన మెట్టే లేదు. నిజంగా మోసినోడు ఒక సంతకం లేదని బయటికొచ్చేస్తాడు. ఏమీ తెలియకుండా లిఫ్టు అడిగి బండెక్కినోడు ఆరేడేళ్లు లోపలుండి, అప్పుడు నిర్దోషి అనిపించుకుంటాడు. ఆ ఏళ్లకి పరిహారం ఇచ్చే చట్టం పెట్టమని 2018లో లా కమిషన్ 277వ నివేదికలో రాసింది. రాసింది రాసినట్టే ఉంది.

ఈ కనీస శిక్షల పిచ్చి మనకొక్కరికే పట్టింది కాదు. మనం చట్టం చేసిన మరుసటేడు, 1986లో, అమెరికా కూడా మత్తు మందులకి గ్రాముల లెక్కన కనీస శిక్షలు పెట్టింది. 5 గ్రాముల క్రాక్ కొకైన్ దొరికితే అయిదేళ్లు, పొడి కొకైనైతే అదే అయిదేళ్లకి 500 గ్రాములుండాల. క్రాక్ కేసుల్లో ఎక్కువ నల్లజాతోళ్లు, పొడి కాస్త డబ్బున్నోళ్లది. జైళ్లు నల్లోళ్లతో నిండిపోయేయి. తప్పు తెలుసుకోడానికి ఆళ్లకి ఇరవై నాలుగేళ్లు పట్టింది. 2010లో ఆ తేడా బాగా తగ్గించి, 2018లో పాత ఖైదీలకి కూడా వర్తింపజేసేరు.

నాకు నచ్చింది మాత్రం ఆళ్లు 1994లోనే పెట్టుకున్న ఒక వెసులుబాటు. ప్రెషర్ కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉంటాది చూడండి, దానికీ అదే పేరు. పాత నేరాలు పెద్దగా లేవు, ఆయుధం లేదు, ఎవరికీ హాని జరగలేదు, ముఠాకి నాయకుడు కాదు, తెలిసింది దాచకుండా చెప్పేడు.. ఇవన్నీ ఉంటే జడ్జీ కనీస శిక్ష పక్కనపెట్టి తగ్గించొచ్చు. పైగా అక్కడ ఫెడరల్ చట్టంలో గంజాయికి పదేళ్ల కనీస శిక్ష మొదలయ్యేది 1,000 కేజీల దగ్గర. మనకి 20. అక్కడ బుద్ధిగా ఉంటే ఏడాదికి 54 రోజుల దాకా మాఫీ. మనకి లేదు. అమెరికా న్యాయం గొప్పదని చెప్పట్లేదు, అక్కడ నూటికి తొంభై పైగా ఫెడరల్ కేసులు విచారణే లేకుండా భయపెట్టి ఒప్పించుకున్నవే. ఆ రోగం మనకొద్దు. ఆ వాల్వ్ మాత్రం గావాల.

మోసే కూలోడికి వేరే మెట్టు పెట్టమంటే గంజాయికి గేట్లెత్తేసినట్టు అంటారు కొందరు. నాకలా కనపడట్లేదు. ఇప్పుడు దొరికిన కుర్రోడు సావుకారు పేరు చెప్పినా పదేళ్లే, చెప్పకపోయినా పదేళ్లే. చెప్తే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి ముప్పు కూడా. మరెందుకు చెప్తాడు? నిజం చెప్తే శిక్ష తగ్గుతాదన్న భరోసా చట్టంలో ఉంటే సిమ్ము వెనకాలున్నోడు దొరికే దారుంటాది. ఇది పార్లమెంటు చెయ్యాల్సిన పని, మన ఎంపీలు అడగాల్సిన పని. గంజాయి మీద ఉక్కుపాదం అని ప్రతి మీటింగులో అంటారు. ఆ పాదం ఎవరి మీద పడతందో ఒక్కరైనా సభలో లేచి అడగొచ్చు కదా.

అది జరిగేలోపు, ఇంట్లో ఇలాంటి కేసున్నోళ్లకి రెండు ముక్కలు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, అలాగే ఎస్సీ, ఎస్టీలకి, ఆడోళ్లకి ప్రభుత్వమే ఉచితంగా లాయర్ని పెట్టాల. ఇది 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు. శిక్ష పడిన రోజు నుంచి 60 రోజుల్లోపు హైకోర్టుకి అప్పీలు వెయ్యాల. అమరావతి వెళ్లలేకపోతే జైల్లో ఉన్న మనిషే సూపరింటెండెంటుకి అప్పీలు కాగితం ఇస్తే ఆయన హైకోర్టుకి పంపాల్సిందే. గడువు దాటిపోయినా కారణం చెప్పి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. ములాఖత్‌కి అడవివరం వెళ్లినప్పుడు ముందు అడగాల్సింది ఇదే: "అప్పీలు కాగితం ఇచ్చేవా, నాయనా?"