ఐదు స్టార్లు, వేరే స్టీలు గ్లాసు



పోయిన వారం ఎం.ఎస్.డబ్ల్యూ. చదివే చెల్లెలొకామె ఒక ప్రశ్నావళి పంపింది. హైదరాబాద్‌లో ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే సంస్థల సేవ ఎంత నాణ్యంగా ఉందన్నది ఆమె ప్రాజెక్టు. "ఒకసారి చూడన్నా" అంది. ముప్పైరెండు ప్రశ్నలు. టైముకొస్తుందా, శుభ్రంగా ఉంటుందా, మర్యాదగా మాట్లాడుతుందా, ఫోన్ ఎక్కువ చూస్తుందా. అన్నీ ఇంటివాళ్లకే. మంచం మీదున్న మనిషికి ఒక్కటి లేదు. పని చేసే మనిషికి ఒక్కటీ లేదు.

మా చిన్నమ్మ పదకొండేళ్లుగా ఈ పనే చేస్తోంది. ప్రకాశం జిల్లాలో మా మాదిగపల్లె నుంచి భర్త పోయాక వచ్చింది. పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుళ్లు పడతాయి. ముక్కు గొట్టంలో పాలు పోసేటప్పుడు తల ఎత్తి పెట్టాలి. పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. యూరిన్ బ్యాగు నడుం కంటే కిందికి వేలాడాలి, నేలకు ఆనకూడదు. ఇవేవీ సంస్థ నేర్పలేదు. ఆసుపత్రి వార్డులో ఒక నర్సమ్మను చూసి నేర్చుకుంది. ట్రైనింగ్ పేరుతో సంస్థ చెప్పిందల్లా సోఫాలో కూర్చోవద్దు, ఎదురు మాట్లాడొద్దు.

నిరుడు ఒక ఇంటివాళ్లు చిన్నమ్మకు శుభ్రత గడిలో ఐదుకు రెండు స్టార్లు వేశారు. ఎందుకో తెలుసా? వంటింట్లో ఫిల్టరు పక్కనున్న గ్లాసుతో నీళ్లు తాగింది. ఆమె కోసం వేరే స్టీలు గ్లాసు బాల్కనీలో వాషింగ్ మెషీన్ మీద పెట్టి ఉంది మరి. ఆ ఇంటి ముసలమ్మకు నాలుగు నెలలు డైపర్లు మార్చింది, స్నానం చేయించింది ఆ చేతులే. నాలుగు నెలల్లో ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడే లేదు. సంస్థ జీతం కోసి, ఆ ఇంటి నుంచి తీసేసింది. ముసలమ్మకు మాట పడిపోయింది, ఆమెనెవరూ అడగలేదు.

"వెజిటేరియన్ మనిషిని పంపండి" అని అడగడం కూడా అంతే. ఏం అడుగుతున్నారో సంస్థకు తెలుసు, మనకూ తెలుసు. 17వ అధికరణం చదువుకున్నవాళ్లే అడుగుతారు.

ఇంటివాళ్ల కష్టం నాకు తెలియక కాదు. కొడుకు అమెరికాలో, తల్లి కూకట్‌పల్లిలో, మధ్యలో సీసీ కెమెరా. భయం ఉంటుంది, డబ్బూ బాగానే అవుతుంది. కానీ ఆ కెమెరాలో రాత్రి మూడింటికి కూర్చునే నిద్రపోయిన కేర్‌టేకర్ కనిపిస్తుంది తప్ప, ఆమె అప్పటికి ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉందో కనిపించదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీకి ఒక్క మనిషినే పెట్టి, రెండు గంటలకోసారి పేషెంటును తిప్పమంటే ఆమె ఎప్పుడు పడుకోవాలి? పడుకుంటే పేషెంటుకు పుండు, పడుకోకపోతే ఆమె ఒళ్లు గుల్ల. ఆమె పని గంటలు అడగకుండా పేషెంటు సంరక్షణను కొలిచేదెట్లా?

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టానికి 2019లో ఒక సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. హోమ్ కేర్ సంస్థలు రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అని అందులో ఉంది. అది చట్టం కాలేదు. ఇంటి పనివాళ్ల హక్కుల కోసం 2011లో వచ్చిన ఐ.ఎల్.ఓ. 189వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. ఇక ఎవరి ఇష్టం వాళ్లది.

చెల్లెలికి ఇట్లా రాశాను: ముందు పేషెంటు వీపు చూడు. ఎన్నింటికి తిప్పారో, ఎన్నింటికి పాలు పోశారో రాసే నోటుబుక్ ఉందా చూడు. తర్వాత కేర్‌టేకర్‌ను అడుగు. నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు, ఎక్కడ పడుకున్నావు, వారానికి సెలవుందా, ఇంటివాళ్లిచ్చే డబ్బులో నీ చేతికెంత వస్తుంది, జ్వరమొస్తే నీ బదులు ఎవరొస్తారు, బాత్రూం ఏది వాడుకోనిస్తారు. చిన్నమ్మకు ఫోన్‌లో ఇవన్నీ చదివి వినిపిస్తే ఇంకోటి కలపమంది. నీళ్లు ఏ గ్లాసులో తాగావని.

"ఇంట్లోవాళ్ల ముందు నిజం చెప్తారా అన్నా?" అని చెల్లెలు అడిగింది. చెప్పరు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ మారే టైములో బస్టాపు దగ్గర నిలబడమన్నాను. చిన్నమ్మ కూడా వస్తానంది.