అమ్మ పేరు పెట్టదగిన పని

మన గడ్డ మీద పుట్టిన రెండు గొప్ప పనులకు అమ్మల పేర్లున్నాయి. ఒకటి లక్ష్మీ ఆసుయంత్రం, రెండోది శాంతా బయోటెక్నిక్స్. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలాంటి పాతికేళ్ళ లోపు వాళ్ళు ‘ఏం చెయ్యమంటారు?’ అని అడిగినప్పుడల్లా నాకు ముందుగా ఈ రెండు పేర్లే గుర్తొస్తాయి.

ఆసు పోయడం ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పోచంపల్లి పట్టుచీర మీద రంగులు పూయాలంటే దారానికి చిటికి, అంటే రంగు అంటకుండా ముడులు, కట్టాలి. చిటికి కట్టాలంటే అంతకుముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక పక్క అర్ధచంద్రాకారంలో మేకులు, ఎదురుగా ఇంకో మేకు. వాటి మధ్య దారం పట్టిన చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. తరతరాలుగా ఆ చెయ్యి ఇంటి ఆడవాళ్ళదే. ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే తల్లికి ఆ పనితో భుజాలు పడిపోయాయి. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు చింతకింది మల్లేశం అది చూడలేక 1992లో యంత్రం చెయ్యడానికి పూనుకున్నారు. అప్పులయ్యాయి. నవ్విన వాళ్ళు నవ్వారు. మిగతావన్నీ కుదిరినా దారాన్ని మేకు చుట్టూ తిప్పే ఒక్క కదలిక మాత్రం ఏళ్ళ తరబడి చిక్కలేదు. బతుకుతెరువుకు హైదరాబాద్ వచ్చి పనులు చేసుకుంటుండగా, 1999లో ఒకరోజు బాలానగర్‌లో ఏదో యంత్రం నడుస్తుంటే చూశారు. తనకు కావలసిన కదలిక అందులో కనిపించింది. నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కానీ నాకు అంతకన్నా పెద్ద గౌరవం అనిపించేది, చేనేత ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ యంత్రాన్ని ఆన్ చేసి పక్కన ఇంకో పని చూసుకోవడం.

ఆ కథలో బాలానగర్‌ను మరిచిపోకండి. హైదరాబాద్ అనగానే అందరూ చూపించే ఐటీ భవనం సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. కానీ ఈ నగరం బుర్ర పెట్టి, చేతులు పెట్టి పని చెయ్యడం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలైంది. సోవియట్ సాయంతో కట్టిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం ఆ బాలానగర్‌లోదే. అక్కడ పని చేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి ఒకరి తర్వాత ఒకరు కంపెనీలు పెట్టబట్టే హైదరాబాద్ మందులకు పేరు మోసింది. కర్మాగారం మూతపడినా అది నేర్పిన పని ఊరంతా పాకింది.

మొన్న ఆ బాలానగర్‌లోనే ఒక లేత్ షాపులో కాసేపు కూర్చున్నాను. ఇరుకు షెడ్డు, కాళ్ళ కింద ఇనప తురుము, కూలెంట్ వాసన. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి డ్రాయింగ్ చూపించాడు. దాని మీద వాడు నెలల పాటు కూర్చున్నాడని మొహమే చెబుతోంది. అరవై దాటిన మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“డ్రాయింగ్ మంచిగనే ఉంది బిడ్డా. గీ మూలకు టూల్ ఎట్ల పోతది?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. మేస్త్రి స్టూలు పక్కకు జరిపి వాణ్ణి కూర్చోబెట్టాడు. సుద్దముక్కతో నేల మీదే గీసి, ఆ మూలను ఎక్కడ గుండ్రం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో చెప్పాడు. వెర్నియర్ చేతికిచ్చి వాడితోనే కొలిపించాడు. ఆ అరగంటలో వాడు నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు. ‘ఎంతియ్యాలె అన్నా?’ అని అడిగితే, ‘పని అయినంక చూద్దాం పో’ అన్నాడాయన.

ఈ నగరంలో ఇలాంటి గురువులు వందల మంది ఉన్నారు. మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళడం లేదు. ఇది నిష్ఠూరమే, ఆడాల్సిన నిష్ఠూరం.

రెండో తల్లి సంగతి. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. టీకాలు ఆయన చదువు కాదు. హెపటైటిస్-బి టీకా దిగుమతి అవుతున్న రోజుల్లో దాని ధర వందల్లో ఉండేది, బీదవాడి బిడ్డకు అందేది కాదు. విదేశాల్లో ఆ పరిజ్ఞానం అడిగితే దొరకలేదు. 1993లో అమ్మ శాంత పేరుతో కంపెనీ పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చిన్న ప్రయోగశాలతో మొదలుపెట్టారు. 1997లో దేశంలోనే తయారైన టీకా బయటికొచ్చింది. ధర 50 రూపాయలు. తర్వాత అంతర్జాతీయ సంస్థలు దాన్ని కొని ఎన్నో దేశాల పిల్లలకు వేయించాయి. అమ్మ పేరు పెట్టుకున్నాక నాసిరకం సరుకు తయారు చెయ్యబుద్ధి కాదు కదా!

ఇప్పుడు మీ వయసుకు దగ్గరవాళ్ళను చూడండి. పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇస్రో ఉద్యోగాలు వదిలి 2018లో ఇక్కడ స్కైరూట్ అనే రాకెట్ల కంపెనీ పెట్టారు. ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం అంతరిక్ష రంగం తలుపులు తెరిచింది 2020లో. అంటే తలుపు మూసి ఉండగానే వీళ్ళు వాకిట్లో రాకెట్ కట్టడం మొదలుపెట్టారు! 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి వీళ్ళ విక్రమ్-ఎస్ లేచి దాదాపు 89 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ ఎగరేసిన మొదటి రాకెట్ అది. ఆ రోజు టీవీ ముందు నా కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మీ భయం నాకు తెలుసు. ఫీజు కోసం నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు. చెల్లి పెళ్ళి ఉంది. అమీర్‌పేట హాస్టల్లో ఆరుగురితో గది పంచుకుంటూ ఒక్క ఆఫర్ లెటర్ కోసం కాచుకుని ఉన్నారు. నిన్నటిదాకా మీకు నేర్పిన కోడింగ్‌లో చాలా భాగం ఇవాళ ఏఐ రాసి పెడుతోంది. ఉద్యోగం వదిలి దూకెయ్యండని ఎవరైనా వేదికెక్కి చెబితే వినకండి. నేను చెప్పను. మల్లేశం కూడా కూలీనాలీ చేసుకుంటూనే యంత్రం కట్టారు. ఉద్యోగం చెయ్యండి, అప్పు తీర్చండి. కానీ వారానికి ఒక్క సాయంత్రం మీది అని దాచిపెట్టుకోండి. ఆ సాయంత్రం పని చెయ్యడానికి ఒక నొప్పిని ఎంచుకోండి. మీ ఇంటిదో, మీ వాడదో, మీరు కళ్ళారా చూసినదే కావాలి. మిర్చి కల్లంలో రోజంతా తాలు ఏరే అత్త దగ్గు. మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి ప్రాణం. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు బస్సెక్కే తాతయ్య. వీటిని ఏఐ తనంతట తాను చూడదు. చూడాల్సింది మీ కళ్ళు.

ఒక్కటి మాత్రం మీరే మార్చాలి. స్టార్టప్ అనగానే మన నగరంలో మొదటి ప్రశ్న ‘ఫండింగ్ ఎంతొచ్చింది?’ అని. పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టుంటుంది నాకు. డబ్బు కావాలి, కాదనను. కానీ తీసుకున్న పెట్టుబడిని గెలుపని కేకు కోసే ఆచారం మిమ్మల్ని పాడు చేస్తుంది. మీ స్నేహితుడు కంపెనీ పెట్టానంటే, ‘నీ సరుకు వాడినవాళ్ళు ఏమన్నారు?’ అని అడగండి. వాడు తడబడితే కలిసి వెళ్ళి కనుక్కోండి. వాడు ఓడిపోయి ఇంటికొస్తే, ముందు అన్నం పెట్టండి.

చెల్లెళ్ళూ, మీకు ప్రత్యేకంగా ఒక మాట. ఆసు లాంటి పని ఇన్ని తరాలు యంత్రం లేకుండా సాగిందంటే, అది ఆడవాళ్ళ పని కాబట్టి ఎవరికీ పనిగా కనిపించలేదు. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మీ అన్నదమ్ముల కంటికి ఆనవు. అవి చేతిలోకి తీసుకోండి. మీలాంటి వాళ్ళ కోసమే 2018లో వీ హబ్ అనే స్టార్టప్ కేంద్రం పెట్టారు, తలుపు తట్టండి.

తలుపులకేం తక్కువ లేదు. స్టార్టప్‌లకు చేయూతగా 2015లో మొదలైన టీ-హబ్ ఉంది. 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో మీ ఊహను చేతికందే నమూనాగా చేసుకునే యంత్రాలున్నాయి. వాటి గాజు గోడలు చూసి జంకకండి. అవి మీవి.

అయితే ముందు బాలానగర్ వెళ్ళండి. అమీర్‌పేటలో మియాపూర్ మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్, అక్కణ్ణుంచి ఆటో. ఆదివారం వద్దు, షట్టర్లు దించి ఉంటాయి. సోమవారం పది దాటాక, లేత్‌లు తిరుగుతుండగా వెళ్ళండి. డ్రాయింగ్ ఉంటే పట్టుకెళ్ళండి. లేకపోతే కాగితం మీద చేత్తో గీసిన బొమ్మైనా చాలు, మేస్త్రికి అర్థమవుతుంది.