పట్నానికి కొత్త వెలివాడలా?

పట్నం ఎవరిది? ఈ ప్రశ్న అడిగినందుకే మనం లాఠీలు తిన్నాం, హాస్టళ్లలో బాష్పవాయువు పీల్చాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ప్రశ్న మాత్రం ఉన్నకాడనే ఉంది.

2024 సెప్టెంబర్ చివర్లో మూసీ ఒడ్డున ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసిపోయారు. నదికి జాగ కావాలంటే మేం కాదనం. 1908 వరద చూసిన పట్నం ఇది. మేం అడిగేది ఒక్కటే. లేపిన మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు?

సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ప్రారంభించారు. ఇండ్లకు వంక పెట్టడం లేదు. కానీ మలక్‌పేటలో నాలుగిండ్లలో పాచిపని చేసే అక్కకు కొల్లూరులో ఇల్లిస్తే పొద్దుగాల ఆరింటికి పనిలోకి ఎట్లా రావాలె? రోడ్డున 30 కిలోమీటర్ల పైమాటే.  పేదలందరినీ ఒక్కచోట కుప్పబోసి ఊరవతల పెట్టడం మన పల్లెలకు కొత్త కాదు. దాన్ని వెలివాడ అన్నారు. అంతస్తులు కట్టి లిఫ్టు పెట్టినంత మాత్రాన పేరు మారుతుందా?

నడి ఊర్లో జాగ లేదంటారు. మరి 2015 నవంబర్‌లో బన్సీలాల్‌పేట ఐడీహెచ్ కాలనీలో పాత ఇండ్లు తీసినచోటే 396 ఇండ్లు కట్టి ఎట్లా ఇచ్చారు? 2024లో మూసీ నిర్వాసితులు కొందరికి మలక్‌పేటలోనే ఇండ్లు ఎట్లా దొరికాయి? నిజాం పాలనలో 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తీసి, పేదలకు పట్నంలోనే కిరాయి ఇండ్లు కట్టించింది. రాజు చేసిన పాటి పని, మనం ఓట్లేసి గెలిపించినోళ్లకు చేతకాదా? అసలు సంగతి వేరే. 2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారే వేలం పెడితే ఎకరం 100 కోట్లు దాటింది. జాగ ఉంది. పేదోనికి లేదు.

రైలుకూ ఇదే చూపు. 2017 నవంబర్‌లో మొదలైన మెట్రో హైటెక్ సిటీకి పోయింది. పాతబస్తీ వైపు 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చి ఆగింది. తొలి ప్రణాళికలో ఉన్న ఫలక్‌నుమా దారి అప్పుడు పక్కకు పడింది. ఎవరి బస్తీకి రైలు వెనుకబడిందో చూస్తే ఎవరిని మనుషులుగా లెక్కేశారో తెలుస్తది.

సర్కారునొక్కదాన్నే అంటే సరిపోదు. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థిని కులమడిగి, మతమడిగి, కూరేం తింటవని అడిగి గది లేదనే గల్లీలు మన మధ్యనే ఉన్నాయి. ఆ ఇండ్ల ఓనర్లలో మనతో జెండా మోసిన ఉద్యోగులు లేరా?

అందుకే మేం అడుగుతున్నాం. బస్తీ ఉన్నచోటే ఇల్లు కట్టాలి. తప్పనిసరై లేపితే, పని, బడి, దవాఖాన నడిచిపోయే దూరంలో ఉండాలి. వేలం వేసే ప్రతి సర్కారు జాగలో పేదల ఇండ్లకు వాటా ముందే తీయాలి. కులం, మతం అడిగి కిరాయికివ్వనోని మీద చట్టం రావాలి.

పట్నాన్ని ఊడ్చేటోళ్లకు, కట్టేటోళ్లకు, వండిపెట్టేటోళ్లకు పట్నంలో చోటు లేకుంటే మనం కొట్లాడి తెచ్చుకున్నది ఎవరికోసం? విద్యార్థులారా, ఉద్యోగులారా, ఈ లెక్క తేలేదాకా అడుగుతూనే ఉందాం!