సంప్రదాయానికో కత్తెర

సభలకి నన్ను పిలిచేవాళ్ళు మామూలుగా రెండు పనుల కోసం పిలుస్తారు. ఒకటి జ్యోతి వెలిగించడానికి, రెండోది ప్రార్థన పాడడానికి. వేదిక మీద ఒక్క ఆడదైనా ఉండాలి కదా! నేను నవలలు రాస్తానన్న సంగతి ఆహ్వానపత్రికలో ఉంటుంది. తీరా వేదిక ఎక్కేసరికి నా చేతిలో కలం బదులు అగ్గిపుల్ల ఉంటుంది.

మొన్న ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి వెళ్ళాను. "ఆడవాళ్ళున్నారుగా, ప్రార్థన మీరే అందుకోండమ్మా" అన్నారు కార్యదర్శిగారు. నా గొంతు సంగతి మా ఇంటి కాకులకి కూడా తెలుసు. అయినా మర్యాదకి పాడాను. విన్నవాళ్ళూ మర్యాదకే చప్పట్లు కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది.

ఆ తరవాత అధ్యక్షులవారు లేచారు. వయసులో పెద్దవారు, చదువుకున్నవారు, కంఠం గంభీరం. ఒక్కో వాక్యం గజం పొడుగు! "నాటి కవయిత్రులు మొల్ల, తిమ్మక్క మొదలైన వారు మన సంప్రదాయమును శిరసా వహించినారు. నేటి రచయిత్రులు కొందరు చెప్పకూడనివి చెప్పి, సంస్కృతిని బజారున పెట్టుచున్నారు" అన్నారు. ఆ మాట అంటూనే నా భుజాల మీద శాలువా కప్పారు. నాకు తిట్టు తగిలిందో, శాలువా తగిలిందో తెలియలేదు. జనం చప్పట్లు కొడుతూంటే అలవాటుకొద్దీ నేనూ కొట్టాను!

ఆ రోజు గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. జనం నోట్లో ఉన్న భాష పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోట్లాడిన మనిషి ఆయన. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు ఖర్చు పెట్టుకున్నవాడు. అలాంటి ఆయన పటానికి దండ వేసి, ఆ పటం ముందే నిలబడి, ఎవరు ఏ మాట అనకూడదో జాబితా చదవడం నాకు చోద్యంగా తోచింది.

ఇంటికొచ్చి మావారితో చెప్తే, "ఆయన కొందరు అన్నారుగా, నువ్వు ఆ కొందర్లో లేవనుకో" అని తేల్చేశారు. మగవాళ్ళకి సమస్యలు ఎంత తొందరగా తీరిపోతాయో! మా అత్తయ్యగారు మాత్రం వత్తులు చేసుకుంటూ, "సంప్రదాయం అంటున్నాడు కదా, ఎవరి సంప్రదాయమే?" అన్నారు. ఆవిడ మామూలుగానే అడిగారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అమ్మమ్మది కోనసీమ. మధ్యాహ్నం తాతగారు బయటికెళ్ళాక, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వెనక వసారాలో చేరేవారు. అప్పుడు అమ్మమ్మ రామాయణప్పాటలు పాడేది. లక్ష్మణుడు అడవినించి తిరిగొచ్చేవరకూ నిద్రపోయిన ఊర్మిళ కథ ఒకటి. ఇంకొకటి ఉంది... పట్టాభిషేకం అయ్యాక శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతని అడుగుతుంది. ఆయన కాలి బొటనవేలు తప్ప నేనేమీ చూడలేదంటుంది సీత. ఆ వేలు గీస్తే, శూర్పణఖ మిగతా బొమ్మంతా పూర్తి చేసి దానికి ప్రాణం పోయిస్తుంది. ఆ బొమ్మ సీతని వదలదు. రాముడు బొమ్మని చూసి సీతని అనుమానిస్తాడు. అమ్మమ్మ ఈ పాట పాడేటప్పుడు వసారాలో ఒక్కరూ మాట్లాడేవారు కాదు. వీధి గుమ్మంలో తాతగారి చెప్పుల చప్పుడు వినపడగానే పాట ఆగిపోయేది. "కాఫీ పెట్టాలర్రా" అని అందరూ లేచేవారు.

రాముణ్ణి తప్పు పట్టే ఆ పాట సంప్రదాయం కాదా? తరతరాలుగా తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటూ వచ్చిందే! అధ్యక్షులవారు చదివిన సంప్రదాయం ముందు గదిలోది. ఇది వెనక వసారాలోది. చెప్పుల చప్పుడు వినపడితే ఆగిపోయేదాన్ని ఆయన ఎప్పుడూ వినలేదు. వినలేదు కనక లేదనుకున్నారు.

పోనీ, వసారా పాటలు వదిలేద్దాం. రాజుగారి కొలువులోనే రాసిన కావ్యం సంగతి చూద్దాం.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరిని ప్రతాపసింహుడు ఏలుతున్న రోజుల్లో, ఆయన ఆస్థానంలో ముద్దుపళని అనే ఆవిడ ఉండేది. కళావంతుల ఇంట పుట్టింది. సంగీతం, సాహిత్యం క్షుణ్ణంగా నేర్చింది. 'రాధికా సాంత్వనం' అని నాలుగు ఆశ్వాసాల కావ్యం రాసింది. తన చేతుల మీద పెంచిన ఇళకి కృష్ణుణ్ణిచ్చి పెళ్ళి చేసి, ఆ తరవాత మనసు ఉండబట్టలేక కోపంతో, దుఃఖంతో వేగిపోయే రాధ కథ అది. ఆవిణ్ణి బతిమాలి ఓదార్చుకోవలసిన పని కృష్ణుడిది. ఆడదానికి కోరిక ఉంటుందనీ, అది తీరకపోతే కోపం వస్తుందనీ, ఆ కోపానికి దేవుడైనా జవాబు చెప్పుకోవాలనీ రాసింది. కావ్యం మొదట్లో తన వంశంలో ఆడవాళ్ళ గురించి, తన విద్య గురించి గర్వంగా చెప్పుకుంది. రాజుగారి కొలువులో ఎవరికీ సంప్రదాయం చెడిపోలేదు!

తరవాత వచ్చింది కత్తెర. 1887లో వెంకటనరసుగారు ఈ కావ్యం అచ్చు వేయిస్తూ, ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగాన్నీ, మరికొన్ని పద్యాల్నీ తీసేశారు. ఆ తరవాత కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్ర రాస్తూ, ఆవిడ పాండిత్యం ఒప్పుకుంటూనే, ఆవిడ పుట్టుకని ఎత్తి చూపించి, ఇందులో స్త్రీలు వినరానివీ, స్త్రీ నోట రారానివీ ఉన్నాయని తోసిపుచ్చారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. వీరేశలింగంగారంటే నాకు చాలా గౌరవం. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి, ఊరంతా వెలేస్తామన్నా వెనక్కి తగ్గని మనిషి. ఈ పూట నేను చదువుకుని, కలం పట్టుకుని కూర్చున్నానంటే అందులో ఆయన పుణ్యం ఉంది. నా బాధ కూడా అదే! కత్తెర పట్టుకొచ్చేవాడు ఎప్పుడూ దుర్మార్గుడై ఉండక్కర్లేదు. మన మేలు కోరేవాళ్ళే, మనకి చదువు చెప్పించినవాళ్ళే, "ఇంతవరకూ చెప్పు, ఆపైన చెప్పకు" అని గీత గీస్తారు. దుర్మార్గుడితో పోట్లాడ్డం తేలిక. మేలు కోరేవాళ్ళతో పోట్లాడ్డానికి నోరు రాదు.

నోరు వచ్చిన ఒకావిడ ఉంది. బెంగుళూరు నాగరత్నమ్మ. ఆవిడా దేవదాసి కుటుంబంలోనే పుట్టింది. గొప్ప గాయని, సంస్కృతాంధ్ర కన్నడాలు చదివింది. ముద్దుపళని కావ్యం అసలు ప్రతి సంపాదించి, అచ్చు పుస్తకంతో పోల్చి, ఏమేం కోసేశారో చూసి, 1910లో పూర్తి పాఠం అచ్చు వేయించింది. పీఠికలో వీరేశలింగంగారికే జవాబు చెప్పింది. సిగ్గనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి లేదా, ఇంతకంటే పచ్చి శృంగారం మగకవులు రాయలేదా అన్న ధోరణిలో నిలదీసింది. 1911లో పోలీసులు వచ్చి వావిళ్ళవారి దుకాణంలో ప్రతులు పట్టుకుపోయారు. పుస్తకం అశ్లీలమని తేల్చింది ఎవరు? ఇంగ్లీషు ప్రభుత్వం! మన రాధ మన సంప్రదాయానికి పనికిరాదని సముద్రం అవతలినించి వచ్చిన చట్టం చెప్పింది. మన పెద్దలు కొందరు తలూపారు. 1947లో, ప్రకాశం పంతులుగారు మద్రాసులో అధికారంలో ఉండగా నిషేధం ఎత్తేశారు. 1952లో పుస్తకం మళ్ళీ వచ్చింది. నాగరత్నమ్మ కన్ను మూసింది కూడా ఆ ఏడే.

ఇంకో ముచ్చట. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది ఈ నాగరత్నమ్మే, తన నగలూ ఆస్తీ ధారపోసి. అలాంటిది ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. అదేమంటే సంప్రదాయం! ఆవిడ ఆడవాళ్ళని కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940లో అందరూ ఒకటై చేసుకునేదాకా పట్టు వదల్లేదు. అప్పటి సంప్రదాయం ఆడవాళ్ళు పాడకూడదని. ఇప్పటి సంప్రదాయం "ఆడవాళ్ళున్నారుగా, ప్రార్థన మీరే అందుకోండమ్మా" అని. వందేళ్ళు నిండకుండానే ఇంత మారిపోయేదాన్ని అనాదిగా వస్తోందంటే ఎలా నమ్మమంటారు?

క్షేత్రయ్య నాయికగా మారి పదం పాడితే అది భక్తి. శ్రీనాథుడు రాస్తే అది రసం. ఆ నాయికే స్వయంగా కలం పట్టుకుంటే మాత్రం అశ్లీలం. ఒకే సరుకు, రెండు తూకపురాళ్ళు! నా ఫిర్యాదు ఈ రాళ్ళ మీద, క్షేత్రయ్య మీద కాదు. ఆయన పదాలు నాకు ప్రాణం.

"అయితే ఆడవాళ్ళు ఏది పడితే అది రాయొచ్చా?" అని ఎవరైనా అడగొచ్చు. రాయకూడదు. చెత్తగా రాస్తే చెత్త అనండి. నాలుగు కాలాలపాటు నిలవదనండి. నేనూ మీతో గొంతు కలుపుతాను. మగవాడు రాసిన చెత్తని కూడా అదే చీపురుతో ఊడవండి. కానీ బాగోలేదనడం వేరు, లేకుండా చెయ్యడం వేరు. బాగోలేదంటే రేపొకరు వాదిస్తారు. లేకుండా చేస్తే వాదించడానికి ఏం మిగుల్తుంది?

2008లో మన తెలుగుకి ప్రాచీన భాష హోదా వచ్చింది. సంతోషమే! కానీ ప్రాచీనం అనిపించుకోవాలంటే పాతదంతా ఒప్పుకోవాలి. మొల్లనీ, తిమ్మక్కనీ వేదిక మీద కూర్చోబెట్టి, ముద్దుపళనిని వాకిట్లో నిలబెడితే అది మన వారసత్వం అవదు, మనకి నచ్చిన ఏరివేత అవుతుంది.

ఇంతమందిని నిలదీస్తున్నాను కదా, నా సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం.

కొన్నేళ్ళ క్రితం నా నవల ఒకటి ధారావాహికగా వచ్చింది. అందులో నలభై అయిదేళ్ళ ఇల్లాలు ఒక రాత్రి భర్తతో, ఇరవై ఏళ్ళుగా చెప్పని మాట చెప్తుంది. బూతేం కాదు. తనకేం కావాలో చెప్తుంది, అంతే. సంపాదకులు చాలా మర్యాదగా ఫోన్ చేశారు. "ఇంటిల్లిపాదీ చదివే పత్రికండీ... ఆ రెండున్నర పేజీలు..." అన్నారు. కోస్తామని ఆయన అనలేదు. నేనే కోసిచ్చాను. "గదిలో చాలాసేపు నిశ్శబ్దం తాండవించింది" అని ఒక వాక్యం పెట్టి అతికేశాను. వెంకటనరసుగారు వేరొకరి పద్యాలు తీసేశారు. నా పేజీలు నేనే తీసుకున్నాను.

నవల అయిపోయాక ఉత్తరాలొచ్చాయి. బాగుందన్నవే ఎక్కువ. ఒక ఇన్లాండు కవరు మీద మాత్రం పేరు లేదు. లోపల మూడే వాక్యాలు. "ఆ రాత్రి ఆవిడ ఏదో చెప్తుందని వారమంతా ఎదురుచూశాను. ఏమీ చెప్పలేదేమండీ? మీకైనా తెలుసా, ఏం చెప్పాలో?"

ఆ ఉత్తరానికి జవాబు రాద్దామంటే చిరునామా లేదు.

సభ జరిగిన మర్నాడు పెట్టె తీసి ఆ రెండున్నర పేజీలు వెతికాను. అమ్మమ్మ పాటలు రాసుకున్న నోటుపుస్తకంలో మడిచి పెట్టి ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. "ఇందులో తప్పేముందే? నేను అడగలేకపోయాను, అంతే" అన్నారు. మళ్ళీ వత్తులు అందుకున్నారు.

ఆ నవల రెండో ముద్రణకి వెళ్తోంది. పేజీలు ఎక్కడివక్కడ పెట్టి ప్రూఫులు పంపించేశాను. ప్రచురణకర్త ఇంకా ఏమీ అనలేదు. అధ్యక్షులవారికి కూడా ఒక ప్రతి పంపుతాను. చదివి బాగోలేదంటే, శాలువా తిరిగిచ్చేసి వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. ఈసారి ప్రార్థన మాత్రం ఆయన్నే పాడమంటాను!