కంపవాతమునకు నీటి వ్యాయామము

వృద్ధులకు చేయి వణకినచో “ముసలితనము గదా” యని యూరకుండుట మన యిండ్లలో అలవాటైనది. వణకు ప్రతిదియు పార్కిన్సన్ వ్యాధి కాదు. అయినను వైద్యునకు చూపింపక యూరకుండుట తగదు. ఆ వ్యాధియే యని తేలినచో, రోగిని మంచమునకు పరిమితము చేయక, తగిన జాగ్రత్తలతో నీటిలో వ్యాయామము చేయింపవలెనని మా అభిప్రాయము.

1817వ సంవత్సరమున లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని వర్ణించి యొక చిన్న గ్రంథమును ప్రకటించెను. దీనిని పోలిన వ్యాధినే ఆయుర్వేదమున కంపవాతమందురు. మెదడులో డోపమిన్ అను పదార్థమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచే చేతులు వణకును, కండరములు బిగియును, అడుగు తడబడును. దీనిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. మందులు బాధను తగ్గించును. వ్యాయామము వానికి తోడగును.

పడిపోదుమేమో యను భయముచే రోగి కదలుట మానును. కదలనికొలది బలము తగ్గును. బలము తగ్గినకొలది పడుట యెక్కువగును. ఇక్కడనే నీరు సాయపడును. రొమ్ములోతు నీటిలో నిలిచినవారి కాళ్లపై పడు బరువు, నేలపై పడుదానిలో సుమారు మూడవవంతు మాత్రమే. తూలినను మెల్లగా తూలుదురు గనుక సర్దుకొనుటకు వ్యవధి దొరకును. ప్రతి యడుగునకును నీరు ఎదురు నిలుచుటచే, బరువులెత్తకయే కండరములకు పని కలుగును. పెద్ద అంగలు వేయుట, ప్రక్కకు నడచుట, చేతులు చాచి నడుమును త్రిప్పుట మొదలైనవి ఆ వ్యాయామములు. వీనికి ఈత రానక్కరలేదు. 2023లో కాక్రేన్ సంస్థ 150కి పైగా ప్రయోగములను సమీక్షించి, నీటి వ్యాయామముతో సహా పలు వ్యాయామములు రోగులకు మేలు చేయునని తెలిపెను.

“మన యానామునకు గౌతమి యుండగా కొలనులేల? తాతగారు చిన్ననాడు గోదావరి నీదినవారే గదా” యని కొందరనవచ్చును. ఇది ప్రమాదకరమైన ధైర్యము. ఈ వ్యాధిచే ఈత నేర్పు సన్నగిల్లవచ్చును. మెదడులో విద్యుత్తంత్రులు అమర్చబడిన తొమ్మండుగురు, పూర్వము ఈతగాండ్రే యైనను, ఆ పిమ్మట ఈదలేకపోయిరని 2019లో జూరిచ్ వైద్యులు ప్రకటించిరి. కావున ప్రవాహమున దిగుట కూడదు. ఒంటరిగా ఏ నీటను దిగరాదు. లోతు తక్కువైన, గోరువెచ్చని నీరుగల కొలను, పట్టుకొనుటకు కమ్మి, ప్రక్కన శిక్షకుడు, ముందుగా వైద్యుని అనుమతి యుండవలెను. నీటినుండి వెలికి వచ్చునపుడు రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగవచ్చును గనుక మెల్లగా నెక్కవలెను.

ఈతకొలనులు పడుచువారి పందెములకే యను తలంపు మారవలెను. ఎచట కొలను నిర్మించినను, వృద్ధులు దిగుటకు వెడల్పైన మెట్లును, వారికై ప్రత్యేకముగా నొక గంటయు కేటాయింపవలెను. స్త్రీలకు వేరు సమయమున్నగాని మన అమ్మమ్మలు నీట దిగరు.

అట్టి వసతి కలుగువరకు విద్యార్థులు చేయదగిన పనియు గలదు. వైద్యుడు నడువుమన్న తాతగారిని సాయంకాలము చేయిపట్టి నడిపింపుడు. అడుగు ఆగిపోయినపుడు లాగవలదు, తొందరపెట్టవలదు. “ఒకటి, రెండు” అని లెక్కించుచు వారి ప్రక్కన నిలువుడు. ఆ లెక్కతో అడుగు మరల సాగుట కలదు.